అడ్డకడ్డీ నొక్కిన చెయ్యి

ఆఫీసులో ఆమెను అందరూ అతుకులమ్మ అనేవారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు వెటకారానికే పెట్టి ఉంటాడు గానీ, ఆమె దాన్ని ఉద్యోగం పేరంత మామూలుగా తీసుకుంది. పిలిస్తే పలికేది. చేసే పని కూడా అదే మరి.

ఆ కంపెనీ పెద్ద లాండ్రీల్లో తిరిగే యంత్రాలకు ప్రోగ్రాములు తయారుచేస్తుంది. అక్కడ ఒక ప్రోగ్రాం మొత్తం ఒక్కరే కూర్చుని రాసేది కాదు. మోటారు తిప్పే ముక్క ఒకరు రాస్తారు, వేడి చూసుకునే ముక్క ఇంకొకరు, ప్రమాదం వస్తే ఆపే ముక్క మరొకరు. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు ఎవరి ముక్క వాళ్ళకు ముద్దు. వాటన్నిటినీ తెచ్చి, ఒకదానికొకటి అతికి, యంత్రంలోకి ఎక్కేలా చెయ్యడం అతుకులమ్మ పని. అతుకు బాగా పడితే ఎవరికీ కనబడదు. పడకపోతే ఆఫీసంతా ఆమె కుర్చీ చుట్టూ మూగుతుంది. ఇల్లు ఊడ్చే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఊడ్చిన రోజు ఎవరూ మెచ్చుకోరు, ఊడవని రోజు అందరికీ కళ్ళు కనబడతాయి.

అతకడంలో రెండు పద్ధతులున్నాయి. చాలా ముక్కలకు కావలసిన పని ఏదైనా ఉంటే దాన్ని విడిగా రాసిపెట్టుకుంటారు, దాన్నే లైబ్రరీ అంటారు. దాన్ని ఒక్కచోట ఉంచి, ముక్కలన్నీ వచ్చి అక్కడే వాడుకునేలా చేస్తే అది షేర్డ్ లైబ్రరీ. అలా కాకుండా ఏ ముక్కకు ఆ ముక్కలోనే దాని నకలు కలిపి కుట్టేస్తే స్టాటిక్. మొదటిదానితో చిక్కేమిటంటే, ఆ ఒక్కటీ చెడితే అందరూ చెడతారు. రెండోదానితో ఆ భయం లేదు, ఎవరి సద్దిమూట వాళ్ళ చేతిలో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె మొదటిరోజే ఒక మాట చెప్పేది.

"లెక్కలు కట్టే లైబ్రరీని ఎన్ని చోట్ల కుట్టినా ఫరవాలేదు. ఎవరు కట్టినా రెండూ రెండూ నాలుగే. గుర్తుపెట్టుకునేది మాత్రం ఒక్కచోటే ఉండాలి. రెండు చోట్ల ఉంటే దేని గుర్తు దానిదే అవుతుంది."

ఈ మాట ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. తనకు తాను చెప్పుకోవలసిన రోజున చెప్పుకోలేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, వాళ్ళక్క. అమ్మ పోయినప్పుడు అక్కకు ఇంకా చదువుకునే వయసే. పుస్తకాలు అటక మీద పెట్టి, ఆస్పత్రి లాండ్రీలో పనికి చేరింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "ముందు మా చెల్లి చదువు కానివ్వండి" అని పంపించేసేది. చెల్లి చదువు అయ్యేసరికి మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. అక్క దానికి ఏడ్చిందో లేదో చెల్లెలికి తెలియదు. అక్క ఏడుపులు లాండ్రీ ఆవిరిలోనే ఆరిపోయేవి.

అక్క తెల్లవారుజామునే పనికి వెళ్ళిపోయేది, చెల్లెలు లేచేసరికి ఇంట్లో ఉండేది కాదు. అందుకని ఇద్దరూ వంటింటి తలుపు వెనక సుద్దతో రాసుకునేవారు. తలుపు ఒక్కటే కాబట్టి ఒకరు రాస్తే రెండోవారి కంట పడకుండా పోయేది కాదు. "పాలు కాచాను. గ్యాసు అయిపోవచ్చింది. నీ నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు, ఏడవకు." అక్క అక్షరాలు గుండ్రంగా, కుదురుగా, బడి పిల్ల రాతలా ఉండేవి. చదువు ఆగిపోయిన చోటే ఆ రాత కూడా ఆగిపోయి, అంతే అందంగా మిగిలిపోయింది. చెల్లెలిది కోడి గీకుడు. "ఇంత చదివించి ఏం లాభం, నీ రాత నువ్వే చదువుకోలేవు" అని అక్క ఆటపట్టించేది.

లాండ్రీలో అక్క పని రోలర్ల దగ్గర. రెండు పెద్ద ఇనుప రోలర్లు, కాగుతూ, తిరుగుతూ ఉంటాయి. తడి దుప్పటి అంచు అందిస్తే లోపలికి లాక్కుని, అవతలి వైపు ఇస్త్రీ చేసి పడేస్తాయి. దుప్పటిని లాక్కున్నంత సులువుగా అవి చేతిని కూడా లాక్కుంటాయి. అందుకే వాటి ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి దగ్గరికి వెళ్తే ముందు ఆ కడ్డీ తగులుతుంది, తగిలితే రోలర్లు ఆగాలి. పాత యంత్రంలో ఆ కడ్డీ తీగ నేరుగా మోటారుకే వెళ్ళేది. మధ్యలో ఎవరి తెలివితేటలూ ఉండేవి కావు.

తర్వాత కొత్త యంత్రం వచ్చింది. దాని ప్రోగ్రాం అతుకులమ్మ కంపెనీది. అందులో కడ్డీ తీగ ప్రోగ్రాంలోకి వెళ్తుంది, ప్రోగ్రాం మోటారుకు చెబుతుంది.

"దాన్ని చూస్తే భయమేస్తోందే. పాతది గోల చేస్తూ తిరిగేది, ఎక్కడుందో తెలిసేది. ఇది నోరు మూసుకుని తిరుగుతుంది" అంది అక్క.

"కడ్డీకి వేలు తగిలితే చాలక్కా, ఠక్కున ఆగుతుంది. అది అతికింది ఎవరనుకున్నావు?"

"నువ్వా?"

"మరెవరు?"

మర్నాడు సాయంత్రం చెల్లెలు ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు వెనక ఒకే ఒక్క మాట ఉంది. "ఆగింది." అక్క కావాలనే కడ్డీ నొక్కి చూసిందట. ఒకసారి కాదు, పక్కవాళ్ళు విసుక్కునేదాకా. ఆ మాటను చెల్లెలు చాలా రోజులు చెరపలేదు. పాల గురించి, గ్యాసు గురించి దాని చుట్టూ రాసుకుంటూ వచ్చారు. పాత యంత్రం దగ్గర అక్క ఆమడ దూరం నుంచి దుప్పటి విసిరేది. కొత్తదాని దగ్గర అడుగు ముందుకు జరిగి నిలబడటం అలవాటైంది. చెల్లెలి అతుకు మీద అంత నమ్మకం.

ఇక ఆ రోజు సంగతి. ఎక్కడో ఇంకో లాండ్రీలో యంత్రం లేవనని మొరాయించింది. ఆ యంత్రంలో ఇంకెవరో ఎప్పుడో ఎక్కించిన పాత లైబ్రరీ ఒకటి ఉంది, అదే పేరుతో. ప్రోగ్రాం లేస్తూనే కొత్తదనుకుని పాతదాన్ని పట్టుకుని బోర్లాపడుతోంది. షేర్డ్ లైబ్రరీలతో ఎప్పుడూ ఉండే గొడవే. దీనికి సరైన మందు కూడా అతుకులమ్మకు తెలుసు. తమ లైబ్రరీకి కొత్త పేరు పెట్టి, తమ ప్రోగ్రాం పక్కనే ఉంచి, "నువ్వు ఇక్కడే వెతుక్కో" అని దానికి చెప్పాలి. అయితే పేరు మారితే ముక్కలన్నీ మళ్ళీ తయారవ్వాలి, రాసినవాళ్ళందరూ మళ్ళీ చూసుకోవాలి, సంతకాలు పెట్టాలి. మేనేజరు ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.

"అంత రామాయణం ఎందుకు? దాన్ని ఎవరి ముక్కలో వాళ్ళకు కుట్టేస్తే పోలేదూ? యంత్రంలో ఏముందో మనకు పనే ఉండదు" అన్నాడు.

ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమె కూడా అంతకుముందు అలా ఎన్నోసార్లు చేసింది. ఆ లైబ్రరీని మోటారు ముక్కలో ఒక నకలు కుట్టింది, కడ్డీ ముక్కలో ఒక నకలు కుట్టింది. యంత్రంలో ఉన్న పాతదానితో పేర్ల తగాదా రాకుండా నకళ్ళలోని పేర్లన్నీ బయటికి కనబడకుండా దాచేసింది. ఆ పేర్లు దాచకుండా ఉంటే, ఒకే పేరుతో రెండు ఉన్నాయని చూసి యంత్రం అందరికీ ఒకదాన్నే చూపి ఉండేది. ఆమె జాగ్రత్త ఆ దారిని కూడా మూసేసింది. ముక్కల్ని అతికిపెట్టే ప్రోగ్రాం, లింకరు, ఒక్క మాట కూడా గొణగలేదు. తప్పు లేకుండా అతుక్కుంది.

ఆ లైబ్రరీలో లెక్కలతో పాటు ఒక గుర్తు కూడా ఉంది. "తిరుగుతోంది" అనో "ఆగాలి" అనో యంత్రం సంగతి దాచుకునే గుర్తు. కడ్డీ దానిలో రాస్తుంది, మోటారు దాన్ని చదువుతుంది. ఇప్పుడు ఆ గుర్తు రెండయింది. ఈ సంగతి ఆమెకు తెలియదని అనడానికి లేదు. తెలిసిన సంగతే, ఆ పూట తనను తాను అడగలేదు, అంతే.

పరీక్ష జరగలేదా అంటే జరిగింది. పరీక్షల గది చూసే పొడుగాయన్ని అందరూ నిచ్చెన అంటారు. ఆయన గదిలో పని సులువు కావడానికి ముక్కలన్నిటినీ ఒకే ముద్దగా అతికి పరీక్షిస్తారు. ఒకే ముద్దలో లైబ్రరీ ఒక్కటే ఉంటుంది, గుర్తూ ఒక్కటే ఉంటుంది. కడ్డీ నొక్కితే మోటారు ఆగింది. నిచ్చెన సరేనన్నాడు. యంత్రంలోకి వెళ్ళేది మాత్రం ముద్ద కాదు, విడివిడి ముక్కలు. పెళ్ళిచూపుల్లో చెల్లెల్ని చూపించి పెళ్ళిలో అక్కను కూర్చోబెట్టినట్టు, పరీక్షించింది ఒకదాన్ని, పంపింది ఇంకోదాన్ని. ఆ కొత్త అతుకు అన్ని లాండ్రీలకూ వెళ్ళింది, అక్క నిలబడే యంత్రంతో సహా.

యంత్రం ముందు రోజూ ఒక తతంగం ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు కడ్డీ పరీక్ష మీట నొక్కాలి, ఆకుపచ్చ లైటు వెలగాలి. ఆ పరీక్ష ఉన్నది కడ్డీ ముక్కలోనే. అది తన గుర్తులో "ఆగాలి" అని రాసి, తన గుర్తునే మళ్ళీ చదివి, అంతా బాగానే ఉందని లైటు వేసేది. తానే ప్రశ్న, తానే జవాబు. లైటు రోజూ వెలిగింది. అక్క రోజూ దాన్ని చూశాకే పని మొదలుపెట్టింది.

ఆ రోజు దుప్పట్లు కాదు, రోగుల గౌనులు. వాటికి వెనక కట్టుకునే నాడాలుంటాయి. ఒక నాడా అక్క కుడిచేతి వేళ్ళకు మెలిపడింది. గౌను లోపలికి వెళ్ళింది, నాడా దాని వెంట వెళ్ళింది. అక్క ఎడమ ముంజేతితో అడ్డకడ్డీ మీద ఒళ్ళంతా మోపి నొక్కింది. రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. పక్క వరసలో మడతలు పెట్టే ఆవిడ పరుగున వెళ్ళి గోడకున్న పెద్ద స్విచ్చి లాగేదాకా తిరిగాయి.

నాలుగు వేళ్ళు తీసేశారు. అరచెయ్యి కాలిపోయింది. బొటనవేలు ఒక్కటీ మిగిలింది, దాని ఎదురుగా పట్టుకోవడానికి ఏమీ లేకుండా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత ఒకటుంది. ఆ ఇంట్లో ఇక దాన్ని ఎవరూ వాడరు.

కంపెనీ తరఫున నిచ్చెన లాండ్రీకి వెళ్ళాడు. కడ్డీ పరీక్ష మీట నొక్కాడు, ఆకుపచ్చ లైటు వెలిగింది. మోటారు ముక్క దాచుకున్న సంగతులు తీసి చూశాడు, ఆగమన్న మాట ఎక్కడా లేదు. రోలర్లు వేడిగా ఉన్నాయి, లైటు వెలిగింది కదా అని వాటి దగ్గరికి వెళ్ళి కడ్డీ నొక్కి చూడలేదు. "యంత్రంలో లోపం లేదు. పనిచేసే మనిషే అడ్డకడ్డీ నొక్కలేదు" అని చెప్పి వచ్చేశాడు. అబద్ధమాడే మనిషి కాదు, చూసిందే చెప్పాడు. లాండ్రీలో మాత్రం అక్క పేరు మారిపోయింది. అన్నేళ్ళ పనిమంతురాలు ఒక్కరోజులో అజాగ్రత్త మనిషి అయిపోయింది. కొత్తగా చేరేవాళ్ళకు ఆమె పేరు చెప్పి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టారు.

ఆస్పత్రి మంచం మీద అక్క ఒకటే మాట చెప్పింది. "నేను నొక్కానే. ఆగలేదు."

చెల్లెలు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నిచ్చెన తెచ్చిన సంగతులన్నీ అప్పటికే చూసి వచ్చింది.

"నొక్కితే ఆగేదే అక్కా. మోటారుకు అసలు ఆగమన్న మాటే వెళ్ళలేదు. ఆ కంగారులో నొక్కాననుకుని ఉంటావు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది."

మెత్తగానే అంది. నుదురు నిమురుతూ అంది. మెత్తగా అన్నంత మాత్రాన ఆ మాట చేసే పని చెయ్యకుండా పోదు. అక్క ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత "సరేలే" అని గోడవైపు తిరిగింది.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే చెల్లెలు అక్కకు తల దువ్వి, జడ వేసి, టిఫిను పెట్టి ఆఫీసుకు వెళ్ళేది. చిన్నప్పుడు తనకు జడలు వేసిన చేతులవి. ఇప్పుడు తాను వేస్తుంటే అక్క తల ఒకవైపుకు వంచి, కళ్ళు మూసుకుని కూర్చునేది. తలుపు వెనక రాసేవాళ్ళు లేరు. "ఆగింది" అన్న మాటను ఎవరు చెరిపారో గానీ, తుడిచిన మరక మాత్రం ఉంది.

ఒకరోజు అక్కకు స్నానం చేయిస్తూ ఎడమచేతికి సబ్బు రాస్తోంది. ఆస్పత్రిలో ఆ చేతికి సూదులు, పట్టీలు ఉండేవి. అవన్నీ పోయాయి. ముంజేతి మీద మోచేతి కింద అడ్డంగా, తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఒక కమిలిన గీత. నలుపు తగ్గి పసుపు తిరుగుతోంది. చెల్లెలు దాని మీద వేలు పెట్టి చూసింది. దుప్పటి ఇలాంటి గీత పెట్టదు. మంచం కోడు పెట్టదు. అంత పొడుగ్గా, అంత తిన్నగా ఆ చుట్టుపక్కల ఉన్నది ఒక్కటే.

"ఇదెప్పటిదక్కా?"

"ఎప్పటిదేమిటే" అంది అక్క. "అప్పటిదే."

చెల్లెలు గబగబా అక్క ఒళ్ళు తుడిచి, బట్టలు తొడిగి, ఆఫీసుకు బయలుదేరింది. దారిలో అతుకులన్నీ ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చింది. మోటారు ముక్క, వేడి ముక్క, కడ్డీ ముక్క. ఎక్కడ ఏది కుట్టాను? మెట్లెక్కుతుండగా తాను కొత్తవాళ్ళకు మొదటిరోజే చెప్పే మాట గుర్తొచ్చింది. అక్కడే కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

కుర్చీలో కూర్చుని, రెండు ముక్కల్నీ తమ గుర్తు ఎక్కడ దాచుకుంటున్నాయో చెప్పమంది. దాచుకునే ప్రతిచోటుకూ ఇంటి నంబరులాగా ఒక నంబరుంటుంది. కడ్డీ ముక్క ఒక నంబరు చెప్పింది. మోటారు ముక్క ఇంకో నంబరు చెప్పింది. అంతే. దీనికి పెద్ద పరిశోధన ఏమీ అక్కర్లేకపోయింది. అక్క చెప్పిన రోజునే అడిగి ఉంటే ఆ రోజే చెప్పేవి.

నిచ్చెనను వెంటబెట్టుకుని వెనక షెడ్డుకు వెళ్ళింది. వచ్చినవాళ్ళకు చూపించడానికి అక్కడ ఒక యంత్రం ఉంచారు. లాండ్రీలకు పంపిన ముక్కలనే దానిలో ఎక్కించారు, పరీక్ష గది ముద్దను కాదు. మీట నొక్కితే ఆకుపచ్చ లైటు వెలిగింది.

"చూశారుగా" అన్నాడు నిచ్చెన.

"రోలర్లు తిప్పండి."

వేడి లేకుండా ఉత్తినే తిప్పారు. గుడ్డలు చుట్టుకొచ్చే అట్టగొట్టం ఒకటి తీసుకుని ఆమె అడ్డకడ్డీ మీద ఆనించి నొక్కింది. కడ్డీ వంగింది. రోలర్లు తిరుగుతున్నాయి. ఇంకా నొక్కింది. గొట్టం కొస రోలర్లకు అందింది. అవి దాన్ని మెల్లగా, పటపటమని నలుపుకుంటూ ఆమె చేతిలోంచి లాక్కుపోయాయి. అవతలి వైపు చదునైన అట్టముక్క జారి నేల మీద పడింది. లైటు ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

నిచ్చెన స్విచ్చి ఆపి, నేలమీది అట్టముక్క తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "మరి నా గదిలో ఆగిందే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

మేనేజరు గది తలుపు వేసుకుని విన్నాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. భయస్థుడు చేసే పనులు చెడ్డవాడు చేసేవాటి కంటే పెద్ద మెరుగ్గా ఏమీ ఉండవు. "ఎవరన్నారు ఇలా కుట్టమని" అని మొదలుపెట్టి, అన్నది తానేనని గుర్తొచ్చి సర్దుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు పంచుకోవడానికి చాలినంత మంది ఉన్నారు ఆ అంతస్తులో.

"సరే, మళ్ళీ ఒక్కచోటికి తెచ్చి అతుకు. వచ్చే విడతలో పంపించేద్దాం. మామూలు మార్పులని చెబుదాం" అన్నాడు.

"వచ్చే విడతదాకా ఆ యంత్రాల ముందు మనుషులు నిలబడతారు సార్. ఇప్పుడే ఆపమని చెప్పాలి."

"ఆపమంటే ఎందుకని అడుగుతారు కదమ్మా."

"చెబుదాం."

"చెబితే మొదట పోయేది నువ్వే. అది ఆలోచించావా?"

ఆమె లేచి తన కుర్చీ దగ్గరికి వెళ్ళి, లాండ్రీలకు ఫోన్లు మొదలుపెట్టింది. అందరికీ ఒకే మాట చెప్పింది. "రోలర్లు ఆపెయ్యండి. అడ్డకడ్డీ నొక్కినా ఆగవు. తప్పు మాది." ఒక సూపర్‌వైజరు నవ్వాడు.

"పొద్దున్నే చూశామమ్మా, లైటు ఆకుపచ్చగానే ఉంది."

"ఆ లైటును నమ్మకండి. మనుషుల్ని దూరంగా నిలబెట్టి, చీపురుకర్రతో కడ్డీ నొక్కి చూడండి. నేను ఫోన్లోనే ఉంటాను."

ఆయన ఫోను పక్కన పెట్టి వెళ్ళాడు. రోలర్ల హోరు వినబడుతోంది. ఎవరో "నొక్కాను" అన్నారు. హోరు ఆగలేదు. "గట్టిగా నొక్కు" అన్నారు. ఆగలేదు. చాలాసేపటికి ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది, గోడ స్విచ్చి లాగి ఉంటారు. సూపర్‌వైజరు మళ్ళీ ఫోను తీసుకుని "ఆపేశామమ్మా" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి తర్వాతి లాండ్రీకి చేసింది.

ఆ సాయంత్రం కంపెనీ పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. విచారణ తేలేదాకా ఆమెను ఆఫీసుకు రావద్దన్నారు. నిచ్చెన తన మాటను వెనక్కి తీసుకుంటున్నానని లాండ్రీకి తానే స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చాడు. దానికి మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. కొత్తవాళ్ళకు అక్క పేరు చెప్పడం మానేశారు. అంతకు మించి ఎవరూ ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వలేకపోయారు.

ఆ సాయంత్రమే చెల్లెలు ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని, ఎడమచేత్తో తువ్వాళ్ళు మడతపెడుతోంది. మడత ఒకవైపు వస్తే ఇంకోవైపు జారిపోతోంది. గడ్డంతో నొక్కిపట్టి మళ్ళీ మడుస్తోంది. చెల్లెలు ఎదురుగా నేలమీద కూర్చుంది.

"అక్కా, మన వంటింటి తలుపు ఉంది కదా. నువ్వు రాస్తే నేను చదువుతాను, నేను రాస్తే నువ్వు. కడ్డీకీ మోటారుకూ కూడా అలాగే మధ్యలో ఒక తలుపు ఉండేది. నేను దాన్ని రెండు చేశాను. ఎవరి తలుపు వాళ్ళకిచ్చాను. నువ్వు నొక్కినప్పుడు కడ్డీ తన తలుపు మీద ఆగమని రాసింది. మోటారు తన తలుపు చూసుకుంటూ తిరిగింది."

అక్క తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నేను నొక్కానన్నమాట."

"నొక్కావక్కా."

"ఆ రోజే చెప్పాను."

"చెప్పావు."

"చెయ్యి పోయినందుకు నిన్నేమీ అననే. పన్లో తప్పులు రాకుండా ఎలా ఉంటాయి. నేను ఎన్ని దుప్పట్లు కాల్చలేదు." అక్క గొంతు మామూలుగానే ఉంది, పాల గురించి మాట్లాడుతున్నట్టు. "నేను నొక్కానంటే నువ్వు నమ్మలేదు. ఊరంతా నమ్మలేదు సరే, వాళ్ళెవరు నాకు. నువ్వు వెళ్ళి ముందు దాన్ని అడిగొచ్చావు. అది అవునంటేనే నాది నిజమైంది. ఈ గీతను నమ్మావు, ఆ మెషిన్ను నమ్మావు. నేను చెప్పింది మాత్రం కంగారైంది."

చెల్లెలికి చెప్పుకోవడానికి సాకులు లేకపోలేదు. మోటారు చెప్పింది, నిచ్చెన చెప్పాడు, పరీక్ష చెప్పింది. అవేవీ నోటిదాకా రాలేదు.

"అవునక్కా" అంది.

అక్క మళ్ళీ తువ్వాలు అందుకుంది. చెల్లెలు సాయం చెయ్యబోతే మోచెయ్యి అడ్డం పెట్టింది. తోసెయ్యలేదు, అడ్డం పెట్టింది, అంతే.

మర్నాడు విచారణవాళ్ళు పిలిస్తే ఆమె పెందరాళే వెళ్ళవలసి వచ్చింది. ఎలా కుట్టానో, ఎందుకు కుట్టానో, పేర్లెందుకు దాచానో అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. గుర్తుపెట్టుకునే లైబ్రరీ ఒక్కచోటే ఉండాలని, పంపేదాన్నే పరీక్షించాలని, రెండు పద్ధతులూ కలిపేటప్పుడు ఏది ఎన్నిచోట్ల పడుతోందో ప్రతిసారీ చూసుకోవాలని చెప్పింది. వాళ్ళు తలలూపారు. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చాక తలలూపడం పెద్ద కష్టమేమీ కాదు. ఆఫీసుకు మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో ఎవరూ చెప్పలేదు. రావద్దన్న సంగతి ఆమె అక్కకు ఇంకా చెప్పలేదు.

సాయంత్రం ఇంటికి వస్తే అక్క పడుకుని ఉంది, అటు తిరిగి. జడ నున్నగా, బిగువుగా వేసి ఉంది. తాను వేసింది కాదు.

నీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళింది. తలుపు వెనక చాలా రోజుల తర్వాత సుద్దరాత కనబడింది. ఎడమచేత్తో రాసిన అక్షరాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకదాని మీద ఒకటి పడుతూ. గుండ్రటి ఆ పాత రాత ఇక రాదు. కూడబలుక్కుని చదవవలసి వచ్చింది.

"ఇక నుంచి జడ పక్కింటావిడ వేస్తుంది. నువ్వు నీ ఆఫీసు చూసుకో."

చెల్లెలు అక్కడే నిలబడి మళ్ళీ చదివింది. కిందే సుద్దముక్క ఉంది. తీసుకుంది. సుద్దను ఉన్నచోటే పెట్టేసి, అక్క లేచేసరికి ఉంటాయని పాలు పొయ్యి మీద పెట్టింది.